చిన్న తెరెసమ్మ ముఖం: ఒక యువ రచయిత్రికి ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ఒకసారి చదివి పక్కన పెట్టి, తీరిక చూసుకుని మళ్ళీ చదివాను. మీ ఊరి కతోలిక దేవాలయంలోని చిన్న తెరెసమ్మ, అంటే ఫ్రాన్సులోని లిసియూ పట్టణపు పునీత తెరెసా, ప్లాస్టర్ స్వరూపం గురించి రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రచనల్లో పైడితల్లి సిరిమాను ఉంది, అరసవల్లి ఆదివారాలు ఉన్నాయి, తప్పెటగుళ్ళు ఉన్నాయి. గోడకు తిరుహృదయం పటం, దాని పక్కన తెరెసమ్మ పటం పెట్టుకుని, సాయంత్రం పూట జపమాల చెప్పుకునే ఇళ్ళు కూడా ఇక్కడే ఉన్నాయి. ఆ ఇళ్ళలోంచి రాసేవాళ్ళు తక్కువ. నువ్వు రాయగలవు. అందుకే మొహమాటం పక్కన పెట్టి చెబుతున్నాను.

మొదటి రెండు పేజీలు కొట్టెయ్యి. వాటిలో కరుణ ఉట్టిపడే కళ్ళు ఉన్నాయి, చిరునవ్వు చిందించే పెదవులు ఉన్నాయి, దివ్యకాంతి వెదజల్లే మోము ఉంది. ఈ మాటలను మరియమాత స్వరూపానికి తగిలించినా సరిపోతాయి, పునీత అంతోణి వారికి తగిలించినా సరిపోతాయి. అవి రాస్తున్నప్పుడు నువ్వు తెరెసమ్మ వైపు చూడలేదమ్మా. నవదిన ప్రార్థనల పుస్తకంలో, పండుగ కరపత్రాల్లో ఎన్నోసార్లు చదివిన మాటలు చేతికి తగిలాయి, రాసుకుంటూ పోయావు. భక్తి ఉన్నవాళ్ళందరికీ ఇది జరుగుతుంది. ప్రేమ ఎక్కువైన చోట మాటలు ముందే తయారై కూర్చుంటాయి.

మూడో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది. శనివారం దేవాలయం ఊడ్చాక మీ అమ్మ చెంగుతో స్వరూపం పాదం తుడుస్తుందని, అక్కడ గోధుమరంగు పోయి తెల్లటి ప్లాస్టర్ బయటపడిందని, పండుగకు ముందు రంగు వేసినా క్రిస్మస్ నాటికి మళ్ళీ పోతుందని రాశావు. రాసి, వెంటనే వరాల గురించి ప్రార్థనలోకి వెళ్ళిపోయావు. ఎందుకంత తొందర? నీ వ్యాసం మొత్తం ఆ పాదం దగ్గర ఉంది. రంగు పోయింది ఒక్క పాదానికేనా, రెండింటికీనా? స్వరూపం నిలబెట్టిన దిమ్మె ఎంత ఎత్తు? పెద్దవాళ్ళ చేయి పాదం దగ్గరే ఆగుతుందా, చేతిలోని సిలువ దాకా అందుతుందా? పాదం తాకి కళ్ళకద్దుకునే వాళ్ళలో చంటిపిల్లలను ఎత్తి తాకించే తల్లులు ఉన్నారా? ఆ ప్లాస్టర్ మచ్చ చుట్టూ ఏళ్ళ తరబడి వేసిన రంగుల పొరలు అంచులు అంచులుగా కనిపిస్తాయి. గోరుతో లెక్కపెట్టగలిగినన్ని పొరలు ఉంటాయి. ఆ పొరలు వేసిన మనిషి ఎవరు? బహుశా మీ ఊళ్ళో దుకాణాల బోర్డులు రాసే ఆయనే అయి ఉంటాడు. ఎనామిల్ డబ్బాలో గోధుమరంగు లేకపోతే ఎరుపూ నలుపూ కలిపి చేస్తాడేమో అడుగు. కళ్ళు ఎప్పుడు వేస్తాడు, ముందా చివరా? విరిగిన వేలు ఉంటే లప్పంతో అతికాడా? నువ్వు కరుణ ఉట్టిపడుతోందని రాసిన ఆ కళ్ళు ఆయన చేతి కళ్ళు. ఏడాదికోసారి కుంచె తిరిగిన ప్రతిసారీ ఆ చూపు కొంచెం మారుతూనే వచ్చింది. ఆ సంగతి తెలిశాక నీ భక్తి తగ్గుతుందని నేను అనుకోను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆమె నిజమైన ముఖం మనకు దొరుకుతుంది. పాత కాలపు పునీతుల విషయంలో ఈ అదృష్టం లేదు.

తెరెసా అక్క సెలిన్ 1894 సెప్టెంబరులో, తెరెసా అప్పటికే కన్యగా ఉన్న లిసియూ కర్మెల్ మఠంలో చేరింది. చేరుతూ కెమెరా వెంట తెచ్చుకుంది. మఠాధిపతి అనుమతించడం వల్ల ఆ నాలుగు గోడల మధ్య, గాజు పలకల మీద, తెరెసా రూపం నలభైకి పైగా ఫొటోల్లో నిలిచింది. బట్టలు ఉతికే చోట తోటి కన్యలతో, తోటలో గడ్డి పోగుచేస్తూ, చేతిలో పటాలు పట్టుకుని. 1895లో జోన్ ఆఫ్ ఆర్క్ వేషంలో, సంకెళ్ళతో, చెరసాలలో కూర్చుని. ఆ నాటకం తెరెసాయే రాసింది, తానే ఆడింది. అప్పటికి జోన్ ఇంకా పునీతురాలు కాదు, ఆ ప్రకటన 1920లో వచ్చింది. అంటే మన తెరెసమ్మ కూడా తనకు ఇష్టమైన ఒక వీరకన్యకు రూపం కల్పించడానికి నీలాగే తంటాలు పడింది. జుట్టు కోసం సవరం, చేతికి కత్తి, వెనక తెర. అంతకుముందు 1893లో మఠంలోని ప్రార్థనా గది గోడ మీద దేవదూతల బొమ్మలు కూడా వేసింది. ఆమెను గులాబీలు పట్టుకున్న బొమ్మగానే చూసే మనం, ఆమె చేతికి రంగు అంటిన సంగతి మరచిపోతాం.

సెలిన్‌కు తాను తీసిన ఫొటోలు నచ్చలేదు. ఆ రోజుల్లో ఫొటోకు కొన్ని సెకన్ల పాటు కదలకుండా ఉండాలి. ఆ బిగువులో చెల్లెలి ముఖం చెల్లెలిది కాకుండా పోయిందని ఆమె బాధ. సెలిన్ బొమ్మలు గీయడం నేర్చుకున్న మనిషి. తెరెసా చనిపోయాక ఫొటోలను దిద్దింది, వాటి ఆధారంగా కొత్త బొమ్మలు గీసింది. ముఖం నునుపైంది, దవడ గీత మెత్తబడింది. సిలువ మీద గులాబీలు పరచి గుండెకు హత్తుకున్న ఆ బొమ్మ, మీ దేవాలయంలో నిలబడి ఉన్న రూపానికి తల్లి అనదగ్గ బొమ్మ, సెలిన్ 1912లో బొగ్గుతో గీసింది. ప్రపంచం ఎన్నో ఏళ్ళు ఆ ముఖాన్నే చూసింది. దిద్దని ఫొటోలు ఒక పుస్తకంగా బయటికి వచ్చింది 1961లో. సెలిన్ అప్పటికి రెండేళ్ళ క్రితమే కన్నుమూసింది.

ఆ ఫొటోల్లో 1897 జూన్ 7న తీసినది నాకు అన్నిటికంటే ఇష్టం. గోధుమరంగు అంగీ, మీద తెల్లటి దుప్పటి, నల్లటి ముసుగు. చేతుల్లో రెండు పటాలు, ఒకటి బాలయేసుది, ఇంకొకటి యేసు తిరుముఖానిది. మనిషి బలహీనంగా ఉంది. బలమైన గడ్డం, సూటిగా మన వైపే చూసే కళ్ళు, పెదవుల మీద చిరునవ్వు ఉందా లేదా అని తేల్చుకోలేనంత సన్నటి కదలిక. అంతకు ముందు ఏడాది పవిత్ర వారంలో ఆమె నోటి నుంచి మొదటిసారి రక్తం పడింది. క్షయ. ఫొటో తీసిన నాలుగు నెలల లోపే, సెప్టెంబరు 30న, 24 ఏళ్ళ వయసులో చనిపోయింది. క్షయ అంటే ఏమిటో మన జిల్లాల్లో పెద్దవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంట్లో ఎవరో ఒకరిని ఆ జబ్బు తీసుకెళ్ళిన కుటుంబాలు మనవి. ఆ ఫొటో చూశాక, స్వరూపం బుగ్గల మీద వేసిన గులాబీ రంగు నాకు వేరుగా కనిపించడం మొదలైంది. దగ్గుతో నిద్రలేని రాత్రులు గడిపిన అమ్మాయి బుగ్గలవి.

నువ్వు ఆమె స్వర్గీయ ఆనందంలో ఓలలాడుతూ మరణించిందని రాశావు. అలా రాయకు. చివరి ఏడాదిన్నర ఆమె విశ్వాసం చీకట్లో నడిచింది. స్వర్గం ఉందన్న ఆలోచనే తనకు పోరాటమైపోయిందని, తనకూ ఆకాశానికీ మధ్య గోడ లేచి నిలబడిందని ఆమే రాసుకుంది. ఆ చీకటి తెలిసి చూస్తే జూన్ ఫొటోలోని ఆ సన్నటి చిరునవ్వుకు ఎంత బరువు ఉందో అర్థమవుతుంది. దాన్ని నువ్వు ఆనందం అనేస్తే ఆమె పడిన పాటు అంతా తుడిచిపెట్టినట్టే.

ఇలా రాయమని నాకంటే ముందు ఆమే చెప్పింది. 1897 ఆగస్టులో, మంచం మీద ఉండి, మరియమాత మీద గురువులు చేసే ప్రసంగాల గురించి అక్కతో మాట్లాడింది. మరియమ్మ గురించి ఊహించిన జీవితం చెప్పకూడదు, జీవించిన జీవితం చెప్పాలి అంది. మనం అనుసరించలేనంత ఎత్తున ఆమెను కూర్చోబెడితే ఏమి లాభం, ఆమె కూడా మనలాగే విశ్వాసం మీద బతికిందని చెప్పాలి, ఆమె రాణి కన్నా ఎక్కువగా తల్లి అంది. పునీతుల గురించి రాసే ఎవరికైనా ఇంతకు మించిన పాఠం నాకు తెలియదు. తెరెసమ్మ గురించి రాసేటప్పుడు తెరెసమ్మ పెట్టిన ఈ షరతునే పాటించు.

ఇంత చెప్పాక నువ్వు ఇంకో పక్కకు ఒరిగిపోతావేమోనని నా భయం. నిజమైన ఫొటో దొరికింది కదా, ఇక ఈ ప్లాస్టర్ బొమ్మ అబద్ధం, సెలిన్ అబద్ధాలకోరు అని రాసేవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. సెలిన్ ఆ ముఖాన్ని ఫొటోలో మాత్రమే చూసిన మనిషి కాదు, పసితనం నుంచి పక్కన పడుకుని, కలిసి ఆడుకుని, చివరి రోజుల్లో సేవ చేసి చూసిన మనిషి. కదిలే ముఖం ఆమెకు తెలుసు. గాజు పలకకు దొరికింది కొన్ని సెకన్లు. రెండూ సాక్ష్యాలే. సెలిన్ ప్రేమలో నాకు అనుమానం లేదు. ఆ ప్రేమ చెల్లెలి గడ్డాన్ని చూసి జంకింది, అంతే.

ఇక ఆ గులాబీలు, సిలువ. అవి శిల్పి కల్పన కావు. 1896 వేసవి సాయంత్రాల్లో తెరెసా తోటలోని సిలువ మీదికి గులాబీ రేకులు విసిరేది, తోటి నవశిష్యురాళ్ళు కూడా విసిరేవాళ్ళు. 1897 ఆగస్టు 30న ఆమెను మంచంతో సహా వసారాలోకి తెచ్చినప్పుడు సెలిన్ తీసిన ఫొటో ఉంది. బతికుండగా తీసిన చివరి ఫొటో అది. అందులో ఆమె సిలువ మీద గులాబీ రేకులు విడదీసి పరుస్తోంది. మీ ఊరి స్వరూపం చేతుల్లోని గులాబీలు ఆ మంచం మీది గులాబీలు. రంగుల పొరల కింద రేకుల అంచులు మొద్దుబారిపోయి ఉండవచ్చు, మొగ్గకూ పువ్వుకూ తేడా పోయి ఉండవచ్చు. అయినా అవి అక్కడి నుంచే వచ్చాయి. నువ్వు రాయాల్సింది ఈ దూరం గురించి. లిసియూ ఉన్న నార్మండీలో ఒక రోగి చేతిలో నలిగిన రేకు, మీ ఊళ్ళో ఎనామిల్ రంగు పూసుకుని, బంతిపూల దండ కింద సగం కనిపించకుండా ఎలా నిలబడిందో రాయి.

అందంగా చూపడమే తప్పు అని కూడా అనుకోకు. మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి బొమ్మలు చూడు. చందమామలో, యువలో ఆయన వేసిన ముఖచిత్రాల్లో స్త్రీలు ఈ లోకపు స్త్రీల్లా ఉండరు. ఆ నీలాలు, ఆ ఎరుపులు ఏ ఊళ్ళోనూ దొరకవు. అయినా ఎవరినీ దిద్దినట్టు ఉండదు, ఎందుకంటే ఆయన ఎవరి ముఖాన్నీ దాచడం లేదు, ఒక లోకాన్ని మొదటి నుంచి కడుతున్నాడు. నిజంగా జీవించిన మనిషి గురించి రాసేటప్పుడు మనకు ఆ స్వేచ్ఛ లేదు. ఉన్న ముఖం దగ్గర మొదలుపెట్టాలి.

నీ ఉత్తరంలో ఒక మాట రాశావు. ఇంట్లో రాసుకోవడానికి ఒక చోటు లేదని, కూర్చున్న పది నిమిషాల్లో పదిమంది పిలుస్తారని. తెరెసా జీవిత కథ రాసిన తీరు విను. మామూలు నోటు పుస్తకాల్లో రాసింది. 1897 జూన్‌లో తోటలో, తండ్రి వాడిన చక్రాల కుర్చీలో కూర్చుని రాస్తుంటే, వచ్చిన కన్యలందరూ ఆగి పలకరించేవాళ్ళు. రెండు వాక్యాలు వరసగా రాయనివ్వడం లేదని ఆమె ఆ పుస్తకంలోనే రాసింది. ఆ అంతరాయాల్ని విసుక్కోకుండా వాటినే ప్రేమ గురించి రాయడానికి వాడుకుంది. కలం పట్టే శక్తి పోయాక చివరి పేజీలు పెన్సిలుతో రాసింది. ఆమెకు గులాబీలు ఇచ్చిన శిల్పుల మీద నాకు కోపం లేదు కానీ, ఎక్కడైనా ఒక దేవాలయంలో పెన్సిలు పట్టుకున్న తెరెసమ్మను చూడాలని నాకు చాలా ఏళ్ళుగా కోరిక. 1997లో రెండవ జాన్ పాల్ పోపు గారు ఆమెను శ్రీసభకు, అంటే కతోలిక సంఘానికి, పండితురాలిగా ప్రకటించింది ఆ నోటు పుస్తకాల బలం మీదనే కదా.

ఆ పుస్తకం సంగతి కూడా ముఖం సంగతి లాంటిదే. ఆమె చనిపోయిన ఏడాదికి, 1898లో, పెద్దక్కల్లో ఒకరైన పోలిన్ దాన్ని అచ్చు వేయించింది. అధ్యాయాలుగా విడదీసింది, వాక్యాలు మార్చింది, చాలా చోట్ల తిరగరాసింది. అలా దిద్దుకోమని తెరెసాయే అప్పగించింది కాబట్టి పోలిన్‌ను తప్పుపట్టలేం. ఆ పుస్తకమే ఆమెను ప్రపంచానికి పరిచయం చేసింది. కానీ నోటు పుస్తకాలు భద్రంగా ఉన్నాయి కాబట్టి, 1956లో ఆమె రాసింది రాసినట్టుగా బయటికి వచ్చింది. అందుకని నీకు చెప్పేదేమంటే, నీ రాతను పెద్దవాళ్ళకు చూపించు, సంపాదకులు దిద్దితే దిద్దనివ్వు, కానీ మొదటి ప్రతిని పారెయ్యకు. కంప్యూటర్‌లో దిద్దితే పాతదాన్ని చెరిపెయ్యకుండా వేరే పేరుతో దాచు. దిద్దుళ్ళలో ఏది పోయిందో పదేళ్ళ తర్వాత నీకే తెలుస్తుంది.

ఒక పొరపాటు సరిచెయ్యి. విశాఖపట్నానికి వచ్చిన మొదటి ఫ్రెంచి గురువులు తెరెసమ్మ స్వరూపాన్ని వెంట తెచ్చారని రాశావు. ఆనెసీ నుంచి ఆ గురువులు విశాఖపట్నం చేరింది 1846లో. తెరెసా పుట్టింది 1873లో. ఆమెను పునీతురాలిగా ప్రకటించింది 1925లో. మీ ఊరి స్వరూపం ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో విచారణ పుస్తకాల్లో, అంటే మీ దేవాలయ పరిధి రికార్డుల్లో, వెతుకు, మీ విచారణ గురువులను అడుగు. శ్రీకాకుళం మేత్రాసనం, అంటే అక్కడి బిషప్పు గారి పరిధి, ఏర్పడింది 1993లో కాబట్టి పాత కాగితాలు విశాఖపట్నంలో ఉండవచ్చు. దొరకకపోతే ఆ వాక్యం తీసెయ్యి. చదివేవాళ్ళు ఒక తేదీ దగ్గర తడబడితే, మీ అమ్మ చెంగు దగ్గర కూడా నమ్మరు.

భాష గురించి ఒక్కమాట. నీకు పొందూరు దగ్గరే కదా. అక్కడ సన్న నూలు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకడం నువ్వు చూసే ఉంటావు. గింజా, చెత్తా పోయేదాకా ఆ చిన్న పళ్ళతో దువ్వుతూనే ఉంటారు. నీ వాక్యాల్ని కూడా ఆ ఓపికతో దువ్వు. దివ్య, అపార, అనంత లాంటి మాటలు చాలా వరకు రాలిపోతాయి. రాలకుండా పట్టుకుని ఉన్నవి ఉంచు, అవి నీవి.

ముగింపులో నీ కోరిక తీరిన కథ చెప్పావు. పరీక్ష పాసైన సంగతి. ఆ కథ నిజమని నాకు తెలుసు, నువ్వు ఆమెకు కృతజ్ఞతగా ఉండటం న్యాయం. కానీ ఈ వ్యాసంలో దానికి చోటు లేదు. వేరుగా రాసుకో. ఇక్కడ అది వస్తే పాఠకుడు స్వరూపాన్ని వదిలి నీ మార్కుల జాబితా చూస్తాడు.

ఈ ఉత్తరంతో పాటు 1897 జూన్ ఫొటో నకలు ఒకటి పెట్టాను. దేవాలయంలోకి తీసుకెళ్ళు. రద్దీ లేని పూట చూసుకుని, ఫొటో చేతిలో పట్టుకుని స్వరూపం ముందు కూర్చో. ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో రాసుకో. ముక్కు, గడ్డం, కనుబొమలు, చేతివేళ్ళు, తల వంచిన తీరు. అర్థాలు వెతకవద్దు, కనిపించిందే రాయి. ఒక పేజీ చాలు. అక్టోబరు 1 పండుగ కాబట్టి సెప్టెంబరులో రంగులు వేసే ఆయన వస్తాడు, ఆయన పని చేస్తున్నంత సేపు పక్కనే ఉండు, అడ్డు రాకుండా. ఆ పేజీ ముందు పంపు, మిగతా వ్యాసం తర్వాత చూద్దాం. వచ్చే నెలాఖరు దాకా నేను విజయనగరంలోనే ఉంటాను. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు